ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు కాంట్రాక్టర్ల కొటేషన్లు పోల్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మా నాన్నగారు 1998లో కట్టించిన ఇంటిని మూడేళ్ల కిందట బాగుచేయించాం. అప్పటి నుంచి బంధువుల్లో ఎవరింట్లో పని మొదలైనా, మా అపార్ట్‌మెంటులో ఎవరు బాత్‌రూమ్ మార్పించుకోవాలనుకున్నా కొటేషన్లు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. ఇళ్లు వేరు, ఊళ్లు వేరు, సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. రేట్లు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ కనిపించే రూపాయలను లెక్క అర్థం కావడానికే తీసుకోండి.

## కొటేషన్ అడగడానికి ముందు

ఎంతమంది దగ్గర కొటేషన్ తీసుకోవాలి? ఇద్దరు చాలరా?

ముగ్గురి దగ్గర తీసుకోండి. రెండే ఉంటే ఒకరు ఎక్కువ చెప్పారో, మరొకరు తక్కువ చెప్పారో తేల్చుకోలేం. మూడోది వచ్చాక ఏది వరస తప్పిందో తెలుస్తుంది. ఐదారుగురిని పిలవడం మాత్రం మంచిది కాదు. ఇంటికి వచ్చి, కొలతలు తీసి, లెక్క కట్టి రాసివ్వడానికి ఒక్కొక్కరికీ కనీసం ఒక పూట పడుతుంది. ఊరికే పిలుస్తున్నారని అర్థమైతే ఎవరూ మనసు పెట్టి రాయరు. ఒక గదికి రంగులు వేయించడం లాంటి చిన్న పనికి ఇద్దరు చాలు.

కాంట్రాక్టరే వచ్చి చూసి రాసిస్తాడు కదా, పనుల జాబితా మేమెందుకు రాయాలి?

నేను అందరికీ పట్టుబట్టి చెప్పేది ఇదే: జాబితా మీరే రాయాలి. మీరు రాయకపోతే ముగ్గురు కాంట్రాక్టర్లు మూడు వేర్వేరు పనులకు ధర రాసిస్తారు. ఇల్లు ఒకటే కదా అని మీరు ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అక్కడే మోసపోతాం, అదీ ఎవరూ మోసం చేయకుండానే.

మాకు వచ్చిన మొదటి కొటేషన్‌లో లెటర్‌ప్యాడ్ మీద ‘బాత్‌రూమ్ పని, గుత్తగా 1,40,000’ అని ఒకే ఒక వరస ఉంది. ఇందులో ఏమేమి ఉన్నాయని అడిగితే ‘అన్నీ ఉన్నాయండీ’ అన్నారు. కమోడు ఉందా అంటే లేదన్నారు. గీజరు పాయింటు సంగతి అడిగితే అప్పుడు చూద్దామన్నారు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని అదే పనిని విడగొట్టి రాశాం. పాత టైల్స్ పగలగొట్టడం, పల్లపు శ్లాబులో (పైపుల కోసం మిగతా నేల కన్నా కిందికి దించి వేసిన శ్లాబు) నింపిన పాత ఇటుక ముక్కలు తీయడం, శిథిలాలను కిందికి దించి తరలించడం, తుప్పు పట్టిన ఇనుప పైపులు తీసి సీపీవీసీ పైపులు వేయడం, మురుగు పైపు జాయింట్లు మార్చడం, వాటర్‌ప్రూఫింగ్, రెండు రోజులు నీళ్లు నిలిపి చూడటం, నేల టైల్స్, ఏడడుగుల ఎత్తు వరకు గోడ టైల్స్, కమోడు, వాష్‌బేసిన్, కుళాయిలు బిగించడం, గీజరు పాయింటు, తలుపు మార్చడం. ఒక్క వరస పన్నెండు వరసలైంది.

ప్రతి వరసకు ఎదురుగా నాలుగు గడులు గీయండి: కొలత, రేటు, మొత్తం, సామాను ఎవరిది. జిరాక్సు తీయించి ముగ్గురికీ అదే కాగితం ఇవ్వండి. మీకు తట్టని పని ఏదైనా ఉంటే కింద రాయమనండి. ముగ్గురిలో ఒకరైనా మీరు మరిచిన పనిని గుర్తుచేస్తారు. అప్పుడు దాన్ని మిగతా ఇద్దరి కాగితాల్లోనూ చేర్పించండి.

ఫోన్‌లో ఫొటోలు పంపితే రేటు చెప్పేస్తున్నారు. అది సరిపోతుందా?

సరిపోదు. గోడలో చెమ్మ ఎంత లోతుకు దిగిందో, తట్టినప్పుడు ఏ టైలు డొల్లగా మోగుతుందో ఫొటోలో తెలియదు. ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలో సుమారుగా తెలుసుకోవడానికి మాత్రం ఆ రేటు పనికొస్తుంది. ఇంటికి వచ్చి టేపు పట్టి కొలవని మనిషి ఇచ్చిన కాగితాన్ని కొటేషన్‌గా లెక్కపెట్టకండి.

లేబర్‌కు మాత్రమే ఇవ్వడం మేలా, సామానుతో కలిపి ఇవ్వడం మేలా?

లేబర్‌కు మాత్రమే ఇస్తే సామాను నాణ్యత మీ చేతిలో ఉంటుంది. కానీ సిమెంటు అయిపోయిందనో, టైల్స్ సందుల్లో నింపే గ్రౌటు తక్కువైందనో మధ్యాహ్నం ఫోను వస్తే దుకాణానికి పరుగెత్తాల్సింది మీరే. సామాను ఆలస్యమై మేస్త్రీ ఖాళీగా కూర్చుంటే ఆ కూలీ మీ మీదే పడుతుంది. పైగా టైలు విరిగినా, ఇసుక వృథా అయినా నష్టం మీదే కాబట్టి చేసేవారికి జాగ్రత్త తగ్గుతుంది.

నాకు నచ్చిన పద్ధతి మధ్యస్థంగా ఉంటుంది. కంటికి కనిపించేవి, అంటే టైల్స్, కుళాయిలు, లైట్లు, తలుపు గొళ్లాలు మీరు కొనుక్కోండి. ఇసుక, సిమెంటు, పైపులు, వైర్లు కాంట్రాక్టరుకు వదిలి, వాటి రకాలు కాగితం మీద రాయించుకోండి. రోజంతా ఇంటి దగ్గర ఉండలేని ఉద్యోగస్తులు మొత్తం సామానుతో కలిపి ఇవ్వడమే నయం. ఏ పద్ధతి ఎంచుకున్నా ముగ్గురినీ అదే పద్ధతిలో ధర అడగండి.

ఏ నెలలో అడిగితే మంచి ధర వస్తుంది?

ధర సంగతి ఎలా ఉన్నా, మనుషులు దొరికే నెలలు చూసుకోండి. సంక్రాంతికి పది రోజుల ముందు మొదలుపెట్టిన పని పండగ వెళ్లాక కానీ కదలదు, కూలీలు ఊళ్లకు వెళ్తారు. టైల్స్, చెక్క పనుల్లో రాజస్థాన్, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు చాలామంది ఉంటారు, వారు హోలీకి, దీపావళి తరువాత ఛఠ్ పండగకు సొంతూళ్లకు పోతారు. బయటి గోడల రంగులు, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ వానలకు ముందే ముగియాలి. ఆషాఢంలో కొత్త పనులు మొదలుపెట్టేవారు తక్కువ కాబట్టి లోపలి పనులకు మంచి మేస్త్రీలు కాస్త తీరిగ్గా దొరుకుతారు. ముహూర్తం తేదీ ముందే పెట్టుకుని కాంట్రాక్టరును పిలిస్తే బేరంలో మీ పట్టు అక్కడే పోతుంది.

## కొటేషన్లు చేతికి వచ్చాక

ఒకరు 4,85,000 అన్నారు, మరొకరు 7,40,000 అన్నారు. ఒకే ఇంటికి ఇంత తేడా ఎందుకు?

ఇవి మా ఇంటికి వచ్చిన అంకెలే. మధ్యలో 6,10,000తో మూడోది ఉంది. అన్నిటికన్నా తక్కువ, అన్నిటికన్నా ఎక్కువ మధ్య తేడా 2,55,000. ముగ్గురూ మా జాబితా మీదే రాసినా, సామాను ఎవరిదన్న గడిలో ముగ్గురూ మూడు రకాలుగా నింపారు. దాంతో లేని వాటిని మేమే చేర్చుకుంటూ వెళ్లాం.

4,85,000 కొటేషన్‌లో టైల్స్ లేవు, అవి 96,000. కమోడు, కుళాయిలు వగైరా లేవు, 72,000. శిథిలాల తరలింపు లేదు, 18,000. అన్నీ కలిపితే 6,71,000. మధ్యదానిలో టైల్స్, తరలింపు ఉన్నాయి, కమోడు, కుళాయిలు లేవు. 72,000 కలిపితే 6,82,000. ఏడు లక్షల నలభై వేలది జీఎస్‌టీతో సహా అన్నీ ఉన్న ధర. రెండున్నర లక్షల తేడా కాస్తా 69,000కు దిగింది. మొదటి రెండింటి మధ్య అసలు తేడా పదకొండు వేలే.

చివరికి మధ్యాయనకు ఇచ్చాం. ధర ఒక్కటే చూసి కాదు. ముగ్గురిలో ఆయన ఒక్కడే పైఅంతస్తు బాత్‌రూమ్ చూశాక మెట్లు దిగి, దాని కింద ఉన్న వంటింటి సీలింగు మీద మరకను వేలితో గీకి చూశారు. సున్నం పొడిలా రాలింది. ‘నేల టైల్స్ మార్చినంత మాత్రాన ఇది ఆగదండీ, పైపు జాయింటు కారుతోంది’ అన్నారు. పగలగొట్టినప్పుడు చూస్తే ఆయన చెప్పిందే నిజమైంది.

అందరూ చదరపు అడుగు రేటే చెప్పారు. తక్కువ రేటు చెప్పినవారే చవక కదా?

రేటుతో పాటు కొలత పద్ధతి తెలిస్తేనే ఆ మాట చెప్పగలం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి రంగులు వేయించాలనుకుందాం. నాలుగు గోడలు 440, సీలింగు 120, మొత్తం 560 చదరపు అడుగులు. అందులో తలుపు 21, కిటికీ 16. ఒకరు 22 రూపాయల రేటుతో తలుపు, కిటికీ తీయకుండా 560కి లెక్క వేస్తే 12,320 అవుతుంది. మరొకరు 23 రూపాయలు చెప్పినా, ఆ రెండూ తీసేసి 523కి లెక్క వేస్తే 12,029 అవుతుంది. రేటు ఎక్కువ చెప్పినాయనే చవక.

అందుకే రేటు పక్కన కొలతను కూడా ఇప్పుడే రాయించుకోండి. పని అయ్యాక కొలుద్దామంటే గొడవ తప్పదు. నిర్మాణ పనుల కొలతలకు ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఉంది, ఏ ఖాళీని తీసేయాలో, దేన్ని లెక్కలో ఉంచాలో అందులో ఉంటుంది. ‘కొలతలు ఐఎస్ 1200 ప్రకారం’ అని రాయిస్తే వాదనకు చోటుండదు. గోడ మూల పట్టీలు, గ్రానైటు అంచు పాలిషు లాంటివి రన్నింగ్ అడుగుల లెక్కన, అంటే పొడవు మాత్రమే కొలిచి వస్తాయి. వాటిని చదరపు అడుగుల్లో కలిపేశారేమో చూసుకోండి.

టైల్స్ బాక్సు 16 చదరపు అడుగులు అంటున్నారు. దాన్ని బట్టి లెక్క వేసుకోవచ్చా?

వద్దు. మనం రెండడుగుల టైలు అనేదాన్ని నేను దుకాణంలో టేపు పెట్టి కొలిచాను. 23 అంగుళాల 5 నూలు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) వచ్చింది, అంటే 60 సెంటీమీటర్లు. పూర్తి రెండడుగులు కావాలంటే ఇంకా మూడు నూలు ఉండాలి. నాలుగు టైల్స్ బాక్సు 1.44 చదరపు మీటర్లు, అంటే 15.5 చదరపు అడుగులే. ఆ సంగతి బాక్సు మీద చదరపు మీటర్లలో అచ్చువేసి ఉంటుంది. మాటల్లో మాత్రం అది 16 అయిపోతుంది.

1,000 చదరపు అడుగుల నేలకు 16 లెక్కన 63 బాక్సులు చాలనిపిస్తుంది, నిజానికి 65 కావాలి. కోతలకు, విరిగిపోయేవాటికి 5 నుంచి 10 శాతం అదనం, ఐమూలగా వేయిస్తే ఇంకాస్త ఎక్కువ. పరిచిన కూలీని కూడా కొందరు బాక్సుకు 16 చొప్పున లెక్కగడతారు. కూలీకి నేలను టేపుతో కొలిచి లెక్క కట్టమనండి. పని ముగిశాక ఒక బాక్సు ఇంట్లోనే దాచుకోండి. ఐదేళ్ల తరువాత ఒక టైలు పగిలితే అదే రంగు మళ్లీ దొరకదు.

కొటేషన్‌లో ‘మంచి కంపెనీ సామాను’ అని రాశారు. దీన్ని నమ్మవచ్చా?

ఆ మాటకు కాగితం మీద విలువ లేదు. కంపెనీ పేరు, రకం, మందం మూడూ ఉండాలి. ఒకే కంపెనీ చవక రంగూ చేస్తుంది, ఖరీదైనదీ చేస్తుంది. రంగులకైతే డబ్బా మీద ఉండే పూర్తి పేరు, లప్పం ఎన్ని కోట్లు, ప్రైమరు ఎన్ని, రంగు ఎన్ని కోట్లు అని రాయించండి. లప్పం ఒక కోటుతో సరిపెడితే రేటు తగ్గుతుంది. గోడ ఎగుడుదిగుళ్లు సాయంత్రం లైటు వేసినప్పుడు బయటపడతాయి.

కొన్ని ప్రమాణాల నంబర్లు గుర్తుంచుకుంటే మాట సూటిగా ఉంటుంది. వేడినీళ్లకు కూడా వాడే సీపీవీసీ పైపులకు ఐఎస్ 15778, ఇంటి వైర్లకు ఐఎస్ 694, సాధారణ ప్లైవుడ్‌కు ఐఎస్ 303, తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710. సామాను దిగినప్పుడు ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి చూడండి. రెండు నిమిషాల పని. నేను తప్పకుండా చేస్తాను.

కరెంటు పనికి ‘పాయింటుకు ఇంత’ అంటున్నారు. పాయింటు అంటే ఏమిటి?

ఇది మనిషికో అర్థంతో వాడే మాట. కొందరికి గాడి కొట్టి, పైపు వేసి, వైరు లాగి, స్విచ్చు బిగించడం వరకు పాయింటే. కొందరికి వైరు లాగడమే. గాడి పూడ్చడం తాపీ మేస్త్రీ పని అని వదిలేసేవారూ ఉన్నారు. కాబట్టి పాయింటులో ఏమేమి ఉన్నాయో రాయించండి. లైటుకు, 16 ఆంపియర్ల సాకెట్టుకు, ఏసీకి వేర్వేరు రేట్లు ఉంటాయి. లైట్లకు 1.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడటం మామూలు. ఏసీ పాయింటుకు అందరికన్నా తక్కువ రేటు వచ్చిందంటే ముందు వైరు మందం అడగండి. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా చూసుకోండి. ఇంట్లో పిల్లలు, పెద్దవారు ఉన్నప్పుడు ఆ ఖర్చు తగ్గించుకోకూడదు.

వంటింటి అల్మరాలకు ఒకరు చదరపు అడుగుకు మూడింతలు ఎక్కువ చెప్పారు. దోచుకుంటున్నారా?

అలా అనుకోవడానికి ముందు ఏది కొలుస్తున్నారో అడగండి. కొందరు ఎదుటి ముఖం మాత్రమే కొలుస్తారు, లోపలి అరలు, పక్క చెక్కలు, వెనక చెక్క అన్నీ ఆ రేటులోనే ఉంటాయి. కొందరు వాడిన ప్రతి చెక్కనూ విడిగా కొలుస్తారు, అప్పుడు రేటు చిన్నదిగా, కొలత పెద్దదిగా ఉంటుంది. ఇలాంటి చోట రేట్లు పక్కన పెట్టి, మీ వంటింటికి మొత్తం ఎంత అన్నదే పోల్చండి. కబ్జాలు, డ్రాయర్ల చానెళ్లు, గిన్నెల బుట్టలు కలిపారా, వెనక చెక్క ఎన్ని మిల్లీమీటర్లు, సింకు కింది పెట్టెకు ఏ ప్లైవుడ్ వాడతారు అన్నవి విడిగా అడగండి. అన్నిటికన్నా ముందు పాడయ్యేది సింకు కిందే.

బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌కు ఒకరు 8,000, మరొకరు 26,000 అన్నారు. దేన్ని నమ్మాలి?

దేన్నీ వెంటనే నమ్మవద్దు. పాత టైల్స్ తీయకుండా సందుల్లో మందు నింపడమూ వాటర్‌ప్రూఫింగే అంటారు, పల్లపు శ్లాబులో ఉన్నదంతా తీసి, శ్లాబును కడిగి, మూలలు గుండ్రంగా సిమెంటు చేసి, రెండు కోట్లు మందు వేయడమూ అదే అంటారు. ముందు పైపుల చుట్టూ ఏమి చేస్తారో అడగండి, ఎందుకంటే ఎక్కువగా నీరు దిగేది పైపు శ్లాబును దాటే చోటే. గోడ మీద ఎంత ఎత్తు వరకు వేస్తారో అడగండి. షవరు ఉన్న గోడకు ఆరడుగులైనా కావాలి.

తరువాత పరీక్ష సంగతి. మందు ఆరాక, టైల్స్ పరచడానికి ముందు, నీళ్లు పోయే దారి మూసి, రెండు మూడు అంగుళాల నీరు నింపి 48 గంటలు ఉంచాలి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. కింద ఇల్లు వేరేవారిదైతే వారిని అడిగి సీలింగు చూసి రండి. ఈ పరీక్షను కొటేషన్‌లో ఒక వరసగా రాయమనండి. రాయడానికి వెనకాడేవారికి ఆ పని ఇవ్వకండి. ఎంత తక్కువ ధరైనా సరే.

జీఎస్‌టీ కట్టాలా? బిల్లు లేకుండా చేస్తే తగ్గుతుందంటున్నారు.

సామానుతో కలిపి చేసే మరమ్మతు పని మీద జీఎస్‌టీ 18 శాతం. 5,00,000 కొటేషన్ చివర చిన్న అక్షరాలతో ‘జీఎస్‌టీ అదనం’ అని ఉంటే అది 5,90,000 కొటేషన్. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న కాంట్రాక్టరుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోవచ్చు, అప్పుడు ఆయన మీ దగ్గర జీఎస్‌టీ వసూలు చేయకూడదు కూడా. వసూలు చేసేవారి జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ తెలంగాణ అయితే 36, ఆంధ్రప్రదేశ్ అయితే 37. జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వేస్తే పేరు కనిపిస్తుంది.

బిల్లు వద్దనుకుంటే ఈరోజు కొంత మిగులుతుంది, రేపు పని చెడితే చేతిలో ఆధారం ఉండదు. ఒక పని నిమిత్తం రెండు లక్షలు, ఆ పైన నగదుగా పుచ్చుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదని కూడా గుర్తుంచుకోండి.

గోడ తీసేసి హాలు పెద్దది చేస్తామని ఒకరు, అస్సలు తీయవద్దని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు మాట వినండి. పాత ఇళ్లు చాలావాటిలో గోడలే శ్లాబు బరువును మోస్తాయి. పిల్లర్ల ఇంట్లో కూడా పైపు కోసం బీమును తొలిచే మేస్త్రీలు ఉన్నారు. ఇంజనీరుకు ఇచ్చే రుసుము ఈ పనిలో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు. అపార్ట్‌మెంటు అయితే సంఘం అనుమతి లేకుండా గోడల జోలికి వెళ్లవద్దు.

పాత పనులు చూపిస్తామన్నారు. వెళ్లి ఏమి చూడాలి?

నిన్న ముగిసిన ఇల్లు కాదు, రెండు వానాకాలాలు చూసిన ఇల్లు చూపించమనండి. బాత్‌రూమ్ నేల మీద చెంబెడు నీళ్లు పోసి అన్నీ జాలీ వైపు వెళ్తున్నాయో లేదో చూడండి. తలుపు చాటు, వాష్‌బేసిన్ కింద, టైల్స్ మూల కోతలు చూడండి. ఎదురుగా ఉన్నది అందరూ బాగానే చేస్తారు. ఆ ఇంటివారిని ఒక్క ప్రశ్న అడగండి: పని అయ్యాక ఫోను చేస్తే వచ్చారా?

## మాట ఖాయం చేసుకునేటప్పుడు

ఒకరి కొటేషన్ మరొకరికి చూపించి బేరం చేయవచ్చా?

చూపించకండి. ఒకరు పూట కష్టపడి తీసిన కొలతలను మరొకరి చేతిలో పెట్టడం న్యాయం కాదు. అంకె చూసిన మనిషి వెయ్యి తగ్గించి రాస్తాడు, ఆ వెయ్యిని లప్పంలోనో, సిమెంటులోనో రాబట్టుకుంటాడు. ఏ వరస ఎక్కువనిపించిందో ఆ వరస మీదే మాట్లాడండి: ‘టైల్స్ పరిచే కూలీ మిగతావారి కన్నా ఎక్కువ ఉంది, ఎందుకు?’ కారణం చెబితే మీరే ఒప్పుకుంటారు, లేకపోతే ఆయనే తగ్గిస్తారు.

సగం డబ్బు అడ్వాన్సు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

ఇవ్వకండి. పదో వంతు, మరీ అయితే ఏడో వంతు ఇచ్చి మొదలుపెట్టించి, మిగతాది పని మెట్టుకు ముడిపెట్టండి. ఆరు లక్షల పనికి ఇలా కుదుర్చుకోవచ్చు: మొదట 60,000. పగలగొట్టడం, పైపులు, వైరింగ్ అయ్యాక 1,20,000. వాటర్‌ప్రూఫింగ్ పరీక్ష నెగ్గి, టైల్స్ పని సగానికి వచ్చాక 1,50,000. టైల్స్, చెక్క పని ముగిశాక 1,50,000. రంగులు అయ్యాక 80,000. చివరి 40,000 నెల రోజులు వాడి చూశాక.

అవతలివారి ఇబ్బంది కూడా చూడాలి. చిన్న మేస్త్రీకి శనివారం వచ్చిందంటే కూలీలకు బట్వాడా చేయాలి. మెట్టు పూర్తికాలేదని ఆ రోజు మీరు చేతులు ముడుచుకుంటే సోమవారం మనుషులు వేరే పనికి పోతారు. వారం వారం అయిన పని మేరకు ఇస్తూ, మెట్టు లెక్కలో సర్దుకుంటామని ముందే అనుకోండి. ఇచ్చిన ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో తేదీ, మొత్తం రాసి సంతకం తీసుకోండి.

మేస్త్రీ బాగా తెలిసిన మనిషి. కాగితం అడిగితే బాధపడతారేమో?

తెలిసినవారితోనే కాగితం మరింత అవసరం. మాట తేడా వస్తే పని ఒక్కటే కాదు, చుట్టరికమూ చెడుతుంది. ‘నాకు మరుపు ఎక్కువ, మీరూ నేనూ అనుకున్నది రాసుకుందాం బాబాయ్’ అంటే ఎవరూ నొచ్చుకోరు. స్టాంపు కాగితం మీద రాసుకుంటే మంచిది. పనుల జాబితాను దానికి జతచేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. మొదలు, ముగింపు తేదీలు, ఆలస్యమైతే ఏమిటి, చెడితే ఎన్నాళ్లలోపు ఉచితంగా సరిచేస్తారు అన్నవి తప్పక ఉండాలి.

మేము విదేశంలో ఉన్నాం. ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు బాగుచేయించాలి. ఇక్కడి నుంచి పోల్చుకోవడం కుదురుతుందా?

కాగితం పోల్చడం కుదురుతుంది, పని చూడటం కుదరదు. కాంట్రాక్టరుతో సంబంధం లేని ఒక సివిల్ ఇంజనీరును రుసుము మీద పెట్టుకుని, కొలతలు ఆయన చేతే తీయించండి. ఆ కొలతల మీదే ముగ్గురినీ రేట్లు రాయమనండి, అప్పుడు రేట్లు మాత్రమే పోల్చితే చాలు. ప్రతి మెట్టుకూ డబ్బు పంపేముందు ఆ ఇంజనీరు సంతకం పెట్టిన కొలతల కాగితం రావాలి. గోడ మూసేయడానికి ముందు పైపుల, వైర్ల ఫొటోలు టేపు పక్కన పెట్టి తీయించుకోండి. పెద్దవారు ఆ ఇంట్లోనే ఉంటారు కాబట్టి రెండు బాత్‌రూమ్‌లు ఒకేసారి పగలగొట్టకూడదని కొటేషన్‌లోనే రాయించండి. దుమ్ము, మోత, నీళ్లు లేకపోవడం పడేది వాళ్లే. ఆ షరతుకు ధర కొంచెం పెరిగినా ఇవ్వండి.

## పని మొదలయ్యాక

పగలగొట్టాక పైపులన్నీ కుళ్లిపోయాయని అదనం అడుగుతున్నారు. ఇవ్వాలా?

చూసి ఇవ్వాలి. పాత ఇంట్లో గోడ లోపల ఏముందో ముందు ఎవరికీ తెలియదు, ఇది మోసమే అనుకోనక్కరలేదు. పైపులకు రన్నింగ్ అడుగుకు ఎంత, ప్లాస్టరింగ్‌కు చదరపు అడుగుకు ఎంత అని అదనపు పనుల రేట్లు మొదటి కొటేషన్‌లోనే తీసుకుని ఉంటే ఇప్పుడు కొలిచి ఇవ్వడమే. తీసుకోకపోతే పని ఆపించి, రేటు రాయించుకుని, ఆ తరువాతే చేయమనండి. మొత్తం ఖర్చులో పది పదిహేను శాతం ఇలాంటి వాటికి ముందే పక్కన పెట్టుకోండి. పాత ఇల్లయితే ఇరవై.

సామాను ధర పెరిగిందని రేటు పెంచమంటున్నారు.

కొటేషన్ మీద ఎన్ని రోజులు చెల్లుతుందో రాసి ఉందా చూడండి. ఆ గడువులో మీరు ఒప్పుకుని ఉంటే పెంచనక్కరలేదు. మీ వల్లే రెండు నెలలు ఆలస్యమైతే దుకాణం బిల్లు చూసి పెరిగినంత ఇవ్వండి. ధర తగ్గినప్పుడూ ఇదే న్యాయం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు నాటి కొటేషన్‌ను మళ్లీ వాడుతున్నట్టయితే సిమెంటు రేటు తిరిగి రాయించండి.

శిథిలాలు వీధిలో పోసి వెళ్లిపోయారు. ఎవరి బాధ్యత?

కొటేషన్‌లో ‘తరలింపుతో సహా’ అని ఉంటే కాంట్రాక్టరుది. లేకపోతే మునిసిపాలిటీ పట్టుకునేది ఇంటి యజమానినే. ట్రాక్టరుకు ఎంత, ఎన్ని ట్రాక్టర్లు, పైఅంతస్తు నుంచి దించే కూలీ ఎవరిది అన్నవి విడిగా రాయించుకోవాలి. చెరువులోనో, నాలాలోనో పోయమని ఎవరికీ చెప్పకండి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడలలో ఈ శిథిలాలను శుద్ధిచేసే కేంద్రాలున్నాయి.

పని మధ్యలో వదిలేసి ఫోను ఎత్తడం లేదు. ఇప్పుడేమి చేయాలి?

ముందు ఫొటోలు తీయండి, అయిన పనిని కొలిచి రాసిపెట్టుకోండి. తరువాత గడువు ఇస్తూ స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 50 లక్షల వరకు చెల్లించిన సేవల మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెయ్యాలి. కొత్త కాంట్రాక్టరును పిలవడానికి ముందు అయిన పని కొలతల మీద ఒక ఇంజనీరు సంతకం తీసుకోండి. కొత్తవారు పని మొదలుపెట్టాక పాత పని ఎంతవరకు అయిందో ఎవరూ తేల్చలేరు.